నాలుగో గది – లోపల: 0

పండ్ల గిడ్డంగిలో ఎనిమిది శీతల గదులున్నా, ఆఫీసు మాత్రం ఎప్పుడూ ఉక్కగానే ఉంటుంది. చలంతా జానెడు మందం తలుపుల వెనకే ఉండిపోతుంది. మేనేజరు బల్ల మీద ఒక టేబుల్ ఫ్యాను, ఒక ఫోను, అట్ట చిరిగిన రిజిస్టరు. గోడ గడియారంలో రెండుంపావు అయింది. బయట ఎండ కాస్తోంది.

ప్రోగ్రామరు కూర్చున్నాడో లేదో టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, ఫ్యాను మెడ అతని వైపు తిరిగింది. అతను ఎప్పుడొచ్చినా ఇదే మర్యాద. అందుకే పనివాళ్ళు వెనకాల అతన్ని ‘కొత్తల్లుడు’ అంటారు. అతనికీ ఆ సంగతి తెలుసు. వినబడనట్టు ఉండేవాడు, లోపల మురిసిపోయేవాడు.

“నాలుగో గది స్క్రీన్ తిక్కగా ఉందండీ,” అన్నాడు మేనేజరు. “గదికి సీలు వేసి ఇరవై రోజులైంది. చేతి మీటరు పెడితే లోపల ఆక్సిజన్ రెండు శాతం చూపిస్తోంది. స్క్రీనేమో ఇరవై పాయింట్ తొమ్మిది అంటుంది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే వరస.”

టీ గ్లాసు ప్రోగ్రామరు పెదవి దాకా వచ్చి ఆగింది.

“ఎంత అన్నారు?” అన్నాడు, అప్పుడే విన్నట్టు.

“ఇరవై పాయింట్ తొమ్మిది. అదేగా బయట గాలిలో ఉండేది. అంటే ఎవరైనా స్క్రీన్ నమ్మి లోపలికెళితే...” మేనేజరు మిగతా మాట మింగేశాడు. “ఒకసారి అయింది చాలదా.”

ఆపిల్ పండ్లు నెలల తరబడి తాజాగా ఉండాలంటే వాటిని నిద్రపుచ్చాలి. గదిలో గాలి తీసేసి నైట్రోజన్ నింపుతారు. పండ్లు నిద్రపోతాయి. మనిషి వెళితే మనిషీ నిద్రపోతాడు, కాకపోతే లేవడు. ఆ గాలికి వాసన లేదు, రంగు లేదు. అందుకని ప్రతి తలుపు పక్కనా ఒక చిన్న స్క్రీన్ పెట్టారు. దాని మీద కనిపించే పేజీని తయారుచేసింది ఈ ప్రోగ్రామరే.

ఆ పేజీకి తనంతట తానుగా ఏమీ తెలియదు. పది సెకన్లకోసారి సర్వర్ దగ్గరికెళ్ళి అడుగుతుంది, సర్వర్ ఇచ్చిన చీటీ తెచ్చి చూపిస్తుంది. ఆ చీటీని జేసన్ అంటారు. ఒక పేరు, దాని పక్కన ఒక విలువ. మళ్ళీ ఒక పేరు, ఒక విలువ. అంతకుమించి ఏమీ ఉండదు. పనివాళ్ళకి ఇంగ్లిషు రాదని పేర్లు కూడా తెలుగులోనే రాశాడు.

గది: 4
ఆక్సిజన్: 20.9
లోపల: 0
స్థితి: సురక్షితం

లోపల అంటే గదిలో ఉన్న మనుషుల లెక్క. ఈ నాలుగు లైన్లూ అతనికి కంఠతా వచ్చు. ఎందుకంటే పద్నాలుగు నెలల క్రితం వాటిని చేత్తో టైపు చేసింది అతనే.

గిడ్డంగి ప్రారంభం రోజు పొద్దున, నాలుగో గది సెన్సర్ తీగ ఇంకా రాలేదు. యజమాని అతిథులతో వస్తున్నాడు. ఏడు స్క్రీన్లు వెలిగి ఒకటి ఖాళీగా ఉంటే బాగుండదు. ప్రోగ్రామరు తన సంచిలో ఉన్న అరచేయంత కంప్యూటరు తీశాడు. అందులో ఆ నాలుగు లైన్లూ రాసి, దాన్ని నాలుగో గది పైనున్న అటకలో పెట్టాడు. పేజీలో ఒక్క లైను మార్చి, సెన్సర్ని కాకుండా ఆ పెట్టెని అడగమన్నాడు. అతిథులు చూశారు, చప్పట్లు కొట్టారు. సాయంత్రం మార్చేద్దామనుకున్నాడు. మూడో రోజు సెన్సర్ తీగ వచ్చింది, ఎలక్ట్రీషియన్ బిగించాడు. మారాల్సింది ఒక్క లైనే. అది మాత్రం మారలేదు.

పది రోజులు ఏ ఇబ్బందీ రాలేదు. తలుపులు తెరిచి పండ్లు నింపుతున్నారు కాబట్టి గదిలో నిజంగానే మామూలు గాలి ఉంది. పది రోజులూ అబద్ధం నిజం చెయ్యి పట్టుకుని నడిచింది. పదకొండో రోజు తలుపు వేసి నైట్రోజన్ వదిలారు. పన్నెండో రోజు మధ్యాహ్నం, లోపల నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపించిందని తాళాల బాబాయి చూడబోయాడు.

నడుముకి తాళాల గుత్తితో తిరిగేవాడు కాబట్టి చిన్నా పెద్దా అందరూ అతన్ని అలాగే పిలిచేవాళ్ళు. అతనికో అలవాటుంది. ఏ గది తెరవబోయినా చెవి మీదున్న పెన్సిలు తీసి తలుపు మీద మూడుసార్లు కొట్టేవాడు. “లోపల ఎవరైనా ఉన్నారా?” అని అడిగేవాడు. పనివాళ్ళు నవ్వేవాళ్ళు. “లోపలున్నవాడు బతికుంటేగా బాబాయ్ పలకడానికి,” అనేవాళ్ళు. “అడగడం మన ధర్మంరా,” అనేవాడు.

ఆ రోజు కూడా స్క్రీన్ చూశాడు. సురక్షితం. నైట్రోజన్ వదలడం ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాడు. మూడుసార్లు కొట్టి, అడిగి, లోపలికెళ్ళాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

సాయంత్రం ఆరింటికి దొరికాడు.

ఆరూ పదికి ప్రోగ్రామరుకి ఫోను వచ్చింది. ఇంట్లో సోఫాలో కూర్చునే ఆ ఒక్క లైను మార్చాడు. పెట్టెలోని నాలుగు లైన్లనూ చెరిపేశాడు. నలభై సెకన్ల పని. విచారణకి వచ్చినవాళ్ళు చూసేసరికి స్క్రీన్ మీద ఎర్రగా 2.1, ప్రమాదం అని ఉంది. రిపోర్టులో రాశారు: ‘మృతుడు స్క్రీన్ చూడకుండా లోపలికి ప్రవేశించాడు. సొంత నిర్లక్ష్యం.’

ఇప్పుడు అదే 20.9 మళ్ళీ కనిపిస్తోంది. పొద్దున మేనేజరు ఫోను చేయగానే ప్రోగ్రామరు ఇంటి నుంచే సర్వర్ రాసుకునే చిట్టా, అదే లాగ్, చూశాడు. పేజీ సెన్సర్ని అడగడం మానేసింది. పాత చిరునామానే అడుగుతోంది, అటకలోని పెట్టెని. చెరిపేసిన చీటీనే అది మళ్ళీ ఇస్తోంది. దాన్ని ఎవరో కనిపెట్టారు, ఆడుకుంటున్నారు. అతనికి తోచిందదే. మరొకరు చూసేలోపు ఆ పెట్టెని మాయం చేయాలనే పరుగున వచ్చాడు.

“తాళాలు ఎవరి దగ్గరున్నాయి?” అని అడిగాడు.

“బాబాయి కూతురి దగ్గర. ఏడాదిగా ఆ పనిలో ఉంటోంది. వాళ్ళ నాన్నకన్నా గట్టిది,” అన్నాడు మేనేజరు. ఒక క్షణం ఆగి, గొంతు తగ్గించాడు. “కొంచెం జాగ్రత్తగా మాట్లాడండి.”

నడవలో ఎనిమిది తలుపులు ఎదురెదురుగా ఉన్నాయి. కిటికీలు లేవు. ట్యూబులైట్ల వెలుగు, యంత్రాల హోరు. నాలుగో తలుపు ముందు ఇరవై ఆరేళ్ళ మనిషి నిలబడి ఉంది. నడుముకి తాళాలు, చెవి మీద పెన్సిలు.

“రండి సార్. మీ స్క్రీన్ ఇక్కడే ఉంది, ఎక్కడికీ పారిపోలేదు,” అంది.

అతను స్క్రీన్ చూశాడు. సురక్షితం. పది సెకన్లు. అంకెలు ఒకసారి మిణుకుమని మళ్ళీ అవే వచ్చాయి.

“ఒకటి అడగనా సార్? ఈ పేజీ ఎవర్ని అడిగి చెబుతుంది?”

“సర్వర్ని.”

“సర్వర్ ఎవర్ని అడుగుతుంది?”

“సెన్సర్ని. లోపల గోడకుంటుంది. అది అబద్ధం చెప్పదు. స్క్రీన్ని నమ్మాలి అమ్మా. నమ్మకపోతే ఇవన్నీ ఎందుకు?”

“నేను నమ్మాను సార్,” అంది ఆమె. గొంతులో కోపం లేదు. లెక్క అప్పజెప్పే పిల్లలా చెప్పుకుపోయింది. “ఆ రోజు నాన్న భోజనం డబ్బా మర్చిపోతే తెచ్చాను. పన్నెండుంపావు. ఈ తలుపు ముందే నిలబడ్డాను. లోపల నుంచి ఎవరో తట్టినట్టు వినిపించింది. మూడుసార్లు. స్క్రీన్ చూశాను. లోపల సున్నా అని ఉంది. యంత్రం చప్పుడేమో అనుకుని, డబ్బా పట్టుకుని అవతలి షెడ్డుకెళ్ళి వెతికాను.”

అతను స్క్రీన్ వైపే చూస్తున్నాడు.

“విచారణలో ఇదే చెప్పాను. ఏడుస్తూ ఏం చూసిందో పాపం అన్నారు. అందుకే మిమ్మల్నడుగుతున్నా. ఆ రోజు కూడా ఇది సెన్సర్నే అడిగిందా సార్?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతని చెయ్యి భుజానున్న సంచి మీదికి పోయింది.

“ఇంకెవర్ని అడుగుతుంది?” అన్నాడు. “అటక తాళం ఇవ్వు. తీగ చూడాలి.”

తాళం ఇచ్చింది.

అటకకి ఇనప నిచ్చెన ఉంది. పైన నేలమూత లాంటి తలుపు ఎత్తి లోపలికి దూరాలి. నిలబడితే తల తగిలేంత ఎత్తు. దూదిలాంటి పొర చుట్టిన గొట్టాలు, గుత్తులుగా తీగలు. గోడకున్న సన్నటి చీలికల్లోంచి ఎండ గీతలు గీతలుగా పడుతోంది. పట్టపగలు. ప్రోగ్రామరు మోకాళ్ళ మీద పాకుతూ మూలకి చేరాడు.

పెట్టె అక్కడే ఉంది. పద్నాలుగు నెలల దుమ్ము దాని మీద మందంగా, ఎక్కడా చెదరకుండా ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అతని మనసు తేలికపడింది. వెనక్కి తిప్పి తీగలు పీకబోయాడు.

పీకడానికి తీగలు లేవు.

కరెంటు తీగ ఊడిపోయి పక్కనే చుట్టగా పడి ఉంది. దాని మీదా అంతే దుమ్ము. పెట్టె రాయిలా చల్లగా ఉంది. దీపం వెలగడం లేదు. నెలల క్రితమే చచ్చిపోయిన పెట్టె అది.

మరి ఎవరు ఇస్తున్నారు... చీటీ?

జేబులోంచి ఫోను తీసి పేజీ తెరిచాడు. వచ్చింది. గది 4, సురక్షితం. అతని చేతిలో ఉన్న పెట్టె నుంచే, అదే చిరునామా నుంచే.

వెనకాల మెల్లగా ఏదో కిర్రుమంది. మూత పడింది. దెబ్బలా కాదు, నిద్రపోతున్న పిల్లల గది తలుపు తల్లి దగ్గరికి వేసినంత మెత్తగా పడింది.

“ఏమ్మా... మూత తియ్యి.”

జవాబు లేదు. యంత్రాల హోరు కూడా లేదు. అది ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. ఆపిల్ పండ్ల వాసన వస్తోంది. మొదట తీయగా. తర్వాత బాగా మగ్గినట్టు. తర్వాత గొంతులో కూర్చున్నట్టు.

ఫోనులో అంకెలు మారాయి.

గది: అటక
ఆక్సిజన్: 17.2
లోపల: 1
స్థితి: సురక్షితం

అటకలో సెన్సర్ లేదు. అక్కడ దాన్ని ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. నవ్వబోయాడు. నవ్వుకి ఊపిరి చాలలేదు.

పది సెకన్లు. 14.0.

పది సెకన్లు. 11.3.

పెట్టెని సంచిలో తోసి మూత వైపు పాకాడు. ఎండ గీతలు కళ్ళ ముందు ఊగుతున్నాయి. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి. మూత ఎత్తబోతే రాలేదు. ఫోను వెలిగింది.

లోపల: 2.

అతను వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. వెనక నుంచి, చెవికి బాగా దగ్గరగా, చెక్క మీద పెన్సిలుతో కొట్టినట్టు...

టక్. టక్. టక్.

“లోపల ఎవరైనా ఉన్నారా?”

పిల్లల్ని నవ్వించడానికి అడిగినట్టుండే ఆ పాత గొంతే. కాకపోతే దానిలో ఊపిరి లేదు.

“ఉన్నాను...” అన్నాడు ప్రోగ్రామరు. “బాబాయ్... నేనే. చెబుతాను. నేనే రాశానని అందరికీ చెబుతాను. కూతురికి చెబుతాను. వదిలెయ్ బాబాయ్.”

నిశ్శబ్దం. చాలాసేపు నిశ్శబ్దం. ఎవరో ఆలోచిస్తున్నట్టు.

మూత తెరుచుకుంది. బాబాయి కూతురి తల కనిపించింది.

“ఏంటి సార్, పిలుస్తుంటే పలకరు? నిద్రపట్టిందా?” అంది. చేతిలోని మీటరు లోపలికి చాపి చూసింది. “ఇరవై పాయింట్ తొమ్మిది. గాలి బాగానే ఉంది. మీరేంటి ఇలా నీలంగా అయిపోయారు?”

యంత్రాల హోరు మామూలుగా వినిపిస్తోంది. పండ్ల వాసన లేదు. ఆమె మెడ మీద చెమట, ఆమె వెనక ట్యూబులైటు, కింద ఎవరో తోపుడుబండి లాక్కెళుతున్న చప్పుడు. ప్రోగ్రామరు నిచ్చెన దిగాడు. నేల మీద కాలు పెట్టాడు. గుండెల నిండా గాలి పీల్చాడు. మనిషికి ఊపిరి తిరిగొస్తే దాంతోపాటు తెలివి కూడా తిరిగొస్తుంది. పెట్టె సంచిలో ఉంది. చూసినవాళ్ళు లేరు. అటకలో ఉక్క, పొద్దున అన్నం తినకపోవడం. అంతే.

“ఏమైంది సార్ దీనికి?” అంది ఆమె స్క్రీన్ చూపిస్తూ.

నోరు తెరిచాడు. ఒక్క క్షణం, ఆ మాట నాలుక దాకా వచ్చింది.

“ఎలుక తీగ కొరికింది,” అన్నాడు.

ఆమె అతని వంక అలాగే చూసింది.

“నిజమే సార్. ఎవరో ఒకరి మీద పడాలిగా. ఎలుకలకీ నోరు లేదు, మా నాన్నలాగే.” రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. “ఏం లోపమో రాసి, సంతకం పెట్టి వెళ్ళండి. నేను వచ్చాక పెట్టిన పద్ధతి ఇది. పనిచేసినవాళ్ళు వాళ్ళ చేత్తో రాయాలి.”

చెవి మీదున్న పెన్సిలు తీసి ఇచ్చింది. పొట్టిగా అరిగిపోయింది, చివర పళ్ళ గాట్లున్నాయి. దాన్ని పట్టుకోగానే అతని వేళ్ళు మళ్ళీ తిమ్మిరెక్కాయి. ‘ఎలుక కొరికిన తీగ. సరిచేశాను’ అని రాశాడు. సంతకం, టైము మూడూ నలభై. కారులోంచి లాప్‌టాప్ తెచ్చి పేజీని సెన్సర్ వైపు తిప్పాడు. స్క్రీన్ ఎర్రబడి 2.1 చూపించింది.

“చూశావా?” అన్నాడు.

“చూశాను సార్,” అంది.

కారెక్కి తలుపు వేసుకున్నాడు. అద్దాలకి నల్ల పొర అంటించిన కారు. ఏసీ వేశాడు. సంచి పక్క సీట్లో పెట్టాడు. దారిలో కాలవ వంతెన వస్తుంది, పెట్టెని అక్కడ విసిరేస్తే సరి.

వంతెనకి ముందు రైల్వే గేటు పడింది.

ముందు బస్సు, వెనక లారీ, రెండు పక్కలా బళ్ళు. స్కూటర్ల మీదవాళ్ళు దిగి గేటు కింద నుంచి దూరిపోతున్నారు. ఎదురుగా సోడా బండివాడు గోళీ నొక్కుతున్నాడు. ఎండ కళ్ళలో పొడుస్తోంది. నాలుగు కావస్తోంది.

హోల్డర్లో ఉన్న ఫోను దానంతటదే వెలిగింది.

గది అన్నచోట అతని కారు నంబరు ఉంది.

ఆక్సిజన్: 16.4
లోపల: 2
స్థితి: సురక్షితం

అతను పక్క సీటు వైపు చూశాడు. సంచి ఉంది. సంచి కింద సీటు కుంగి ఉంది. అరచేయంత పెట్టె బరువుకి అంత కుంగదు.

పండ్ల వాసన.

అద్దం బటన్ నొక్కాడు. దిగలేదు. తలుపు పిడి లాగాడు. ఊగింది, తెరుచుకోలేదు. 12.8. హారన్ మీద చెయ్యి వేశాడు. గేటు దగ్గర హారన్ మోగితే ఎవరు పట్టించుకుంటారు? ముందు బస్సు హారన్ మోగింది, వెనక లారీ హారన్ మోగింది, అన్నీ కలిసిపోయాయి.

9.1.

ఫోను పట్టుకుని ఏదైనా నొక్కాలని చూశాడు. పేజీ కదల్లేదు. ఆ పేజీకి చూపించడం తప్ప తీసుకోవడం రాదు. అతనే అలా రాశాడు.

“నేనే రాశాను,” అన్నాడు గట్టిగా. “నాలుగు లైన్లూ నేనే రాశాను... నేనే చెరిపాను. ఆయన స్క్రీన్ చూశాడు. చూసే వెళ్ళాడు.”

పద్నాలుగు నెలల్లో అతని నోటి నుంచి వచ్చిన మొదటి నిజం అది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. సోడా బండివాడు గోళీ నొక్కుతూనే ఉన్నాడు.

6.0.

“బాబాయ్... చెప్పాను కదా...”

పక్క సీట్లోంచి, ఊపిరి లేని గొంతు నెమ్మదిగా అంది: “వినబడలేదురా.”

3.2.

రైలు వెళ్ళింది. గేటు లేచింది. బస్సు కదిలింది. కారు కదల్లేదు. వెనకున్న లారీ డ్రైవరు కాసేపు హారన్ కొట్టి, తిట్టి, చివరికి దిగొచ్చాడు. నల్ల అద్దంలోంచి ఏమీ కనిపించలేదు. వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాడు.

“లోపల ఎవరైనా ఉన్నారా?”

తర్వాత పోలీసులకి లారీ డ్రైవరు చెప్పింది ఇది. తలుపు పిడి పట్టుకోగానే తేలిగ్గా వచ్చేసింది, తాళం పడి లేదు. లోపల చల్లగా ఉంది, ఆపిల్ పండ్ల వాసన వేసింది. మనిషి స్టీరింగ్ మీద వాలి ఉన్నాడు, గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఫోను మీద ఏవో నాలుగు లైన్లున్నాయి. చివరి లైనులో సురక్షితం అని ఉంది, దాని పైన లోపల సున్నా అని ఉంది. పక్క సీట్లో సంచి ఉంది, ఖాళీ సంచి.

డాక్టరుకి విషం ఆనవాలు దొరకలేదు, పొగ ఆనవాలూ దొరకలేదు. గాలి అందక పోయాడని రాశాడు. రోడ్డు మధ్యలో, నలుగురి మధ్య గాలి ఎలా అందకుండా పోయిందో రాయలేదు. పోలీసుల కాగితంలో ఒక వాక్యం మాత్రం పడింది: ‘మృతుడు అద్దాలు దించుకోలేదు. సొంత నిర్లక్ష్యం.’

అదే మధ్యాహ్నం నాలుగింటికి గిడ్డంగిలో నాలుగో గది స్క్రీన్ ఒకసారి మిణుకుమంది. ఎప్పుడూ నాలుగు లైన్లుండే చోట ఏడు వచ్చాయి. కింది మూడు ఎప్పుడూ లేనివి. రాసినవారు, ఆ పక్కన ప్రోగ్రామరు పేరు. రాసిన తేదీ, ఆ పక్కన ప్రారంభం రోజు. చెరిపిన సమయం, ఆ పక్కన పన్నెండో రోజు సాయంత్రం ఆరూ పదకొండు. బాబాయి కూతురు అరవలేదు, ఏడవలేదు. మేనేజర్ని పిలుచుకొచ్చి పక్కన నిలబెట్టి, ఆ ఏడు లైన్లూ పెన్సిలుతో రిజిస్టర్లో ఎక్కించింది. ఇద్దరూ ఫోటోలు తీశారు. మేనేజరు చేత సంతకం పెట్టించింది. ‘ఎలుక కొరికిన తీగ’ అన్న లైనుకి సరిగ్గా కిందే.

తర్వాత వచ్చిన ఇంజనీర్లు సర్వరంతా గాలించారు. ఆ ఏడు లైన్లు ఎక్కడి నుంచి వచ్చాయో తేల్చలేకపోయారు. ఫోటోలు మాత్రం ఉన్నాయి. మూడు నెలల తర్వాత పాత రిపోర్టులో ఆ వాక్యం కొట్టేశారు. దాని స్థానంలో రాశారు: ‘మృతుడు స్క్రీన్ చూసే ప్రవేశించాడు. స్క్రీన్ తప్పు చూపింది.’ ఆ కాగితం నకలు ఆమె ఇంట్లో, తండ్రి ఫోటో వెనక మడత పెట్టి ఉంది.

ఆమె ఉద్యోగం మానలేదు. రోజూ పొద్దున తొమ్మిదికి ఎనిమిది తలుపుల ముందూ ఆగుతుంది. చెవి మీద పెన్సిలు తీసి మూడుసార్లు కొడుతుంది. “లోపల ఎవరైనా ఉన్నారా?” అని అడుగుతుంది. పనివాళ్ళు ఇప్పుడు నవ్వడం మానేశారు.

నాలుగో గది ముందు మాత్రం కొట్టాక కాసేపు ఎక్కువ నిలబడుతుంది. ఎందుకంటే ప్రోగ్రామరు పోయిన మర్నాటి నుంచీ ఆ గదిలోంచి జవాబు వస్తోంది. మొదట మెల్లగా మూడుసార్లు. తర్వాత గట్టిగా. తర్వాత రెండు అరచేతులతో బాదినట్టు. మొన్న మేనేజరు కూడా విన్నాడు. మొహం పాలిపోయి, “లోపల ఎవరో ఉన్నారమ్మా,” అన్నాడు.

ఆమె స్క్రీన్ చూసింది. ఆక్సిజన్ 2.1. లోపల 0.

“సున్నా అంటోంది కదండీ,” అంది. “స్క్రీన్ని నమ్మాలి. అది అబద్ధం చెప్పదని ఆ సారే చెప్పారు.”

రిజిస్టర్లో ‘ఎవరూ లేరు’ అని రాసుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, అయిదో గది వైపు నడిచింది.